అయిదో నంబరు మెషీన్‌కు వేసిన దండ

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాకు వచ్చిన మెమో ఒక్కటే. అదీ రిటైర్మెంట్‌కు రెండు వారాల ముందు వచ్చింది. దాన్ని లామినేషన్ చేయించి ఇంట్లో ముందుగది గోడకు తగిలించుకున్నాను. వచ్చినవాళ్లు అదేదో ప్రశంసాపత్రం అనుకుని దగ్గరికి పోయి చదువుతారు, చదివి నా మొహం వైపు చూస్తారు. అందులో రాసిన నేరం ‘పరీక్షలో ఉన్న యంత్రమునకు బంతిపూల దండ వేయుట’. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అనుభవంతో నాలుగు మాటలు చెప్పమని అడిగితే నేను ఆ మెమో సంగతే చెబుతాను. మిగతా ముప్పై నాలుగేళ్లలో పనులన్నీ సరిగ్గానే చేశాను కాబట్టి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మాది గౌలిపుర. మా బాపు బర్రెలు పెట్టుకుని పాలు పోసేవాడు. నేను ఐటీఐ చదివి, చాంద్రాయణగుట్ట అవతల లోహాలను పరీక్షించే ఒక ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. మా సెక్షన్‌లో చేసే పని బయట చెబితే ఎవరూ నమ్మరు. ఇంజిన్ల లోపల బాగా వేడెక్కే భాగాలను నికెల్ కలిసిన గట్టి లోహంతో చేస్తారు. ఆ లోహంతో వేలెడంత కడ్డీ తయారుచేసి, కొలిమిలో బిగించి, ఎర్రగా కాలుస్తూ, బరువుతో లాగి వదిలేస్తాం. అది రోజుకు కంటికి కూడా ఆనకుండా మెల్లగా సాగుతుంది. దాన్నే క్రీప్ అంటారు. ఎంత సాగింది, ఎన్ని గంటలకు తెగింది, ఇంతే మాకు కావలసింది. నెలల తరబడి పొద్దున్నే మీటరు చూసి రిజిస్టర్లో రాయడమే నా ఉద్యోగం.

పెళ్లయిన కొత్తలో మా ఆవిడ అడిగింది.

“ఆఫీసుల ఏం జేస్తవ్?”

“కడ్డీ తెగుతదేమో అని చూస్త.”

“తెగిందా?”

“ఇంక లే.”

పాపం, ఆ ఏడాదంతా రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడి “తెగిందా?” అనే పలకరించింది. నేను “ఇంక లే” అంటూ చెప్పులు విడిచేవాణ్ని.

ఇక్కడొక్క సంగతి గుర్తుపెట్టుకోండి. బరువును మేం నేరుగా కడ్డీకి కట్టం. మెషీన్ పైన పొడుగాటి లీవర్ ఉంటుంది. దాని చివర ఒక ఇనుప కాడ వేలాడుతుంది, కాడ కింద తట్ట, తట్టలో బరువులు. తట్టలో ఒక కిలో పెడితే కొలిమిలో ఉన్న కడ్డీ మీద ఇరవై కిలోలు పడుతుంది. నేను చేసిన ఘనకార్యం అంతా ఈ ఇరవై దగ్గరే ఉంది.

రిటైర్ అవడానికి రెండేళ్ల ముందు మా సెక్షన్‌లోకి ఒక అమ్మాయి వచ్చింది. జల్‌పల్లి కొత్త కాలనీ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. పెద్ద చదువే చదివింది గానీ ఉద్యోగం మాత్రం ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. ప్రాజెక్టు మూసేస్తే ఆమె కూడా ఇంటికే. ఆమె పని ప్రింట్ చేసిన లోహం మీద. లోహపు పొడిని పల్చగా పరుస్తారు, కావలసిన చోట లేజర్‌తో కరిగిస్తారు, దాని మీద ఇంకో పొర పరుస్తారు. అట్లా పొర మీద పొరగా వస్తువు తయారవుతుంది. కొలిమిలో కాల్చి, పెద్ద సుత్తుల కింద కొట్టి చేసే మా పాత లోహం పక్కన ఈ పొడి లోహం నిలబడుతుందా లేదా అన్నది ఆమె తేల్చాలి.

నేను ఊరుకుంటానా?

“మేడమ్, మా మెటల్ సుత్తిదెబ్బలు తిని పెరిగింది. మీది పిండి. పిండిముద్దను పొయ్యిల వెడితే రొట్టె అయితది గానీ ఇంజిన్ అయితదా?” అన్నాను మొదటి రోజే.

ఆమె ఏమీ అనుకోలేదు. “దెబ్బలు తింటేనే బాగుపడుతరా బాపూ? మిమ్మల్ని మీ బాపు ఎంత కొట్టిండు?” అంది.

కిషన్‌బాగ్ నుంచి వచ్చే మా లేతు మెషీన్ భాయ్, ముప్పై ఏళ్లుగా నా పక్కన కూర్చుని టిఫిన్ తిన్నవాడు, పగలబడి నవ్వాడు. “క్యా మియా, ఏక్ మినట్ మే బోల్తీ బంద్!” అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆమెకు బాపును. ఆమె నాకు పదిమందిలో మేడమ్, మెషీన్ దగ్గర బిడ్డా.

శివరాత్రి అయ్యాక రెండు కడ్డీలు ఎక్కించాం. నాలుగో నంబరు మెషీన్‌లో సుత్తిదెబ్బల లోహం, అయిదో నంబరులో పొడి లోహం. ఒకే వేడి, ఒకే బరువు. బరువులు నేనే ఒక్కొక్కటి చేత్తో పెట్టాను, పిల్లవాణ్ని ఉయ్యాలలో పడుకోబెట్టినట్టు. ఎండాకాలం పోయింది, బోనాలు పోయాయి. రెండు గీతలూ గ్రాఫు మీద పక్కపక్కనే పోతున్నాయి. నిజం చెప్పాలంటే పిండిముద్దే కొంచెం తక్కువ సాగింది. నేను పైకి “చూద్దాం, ఇంక మస్తు టైమ్ ఉన్నది” అంటున్నాను గానీ లోపల మాత్రం ఆ పిల్ల గెలవాలనే ఉంది. పొద్దున్నే వచ్చి నాలుగో నంబరు కంటే ముందు అయిదో నంబరు మీటరే చూసేవాణ్ని. ఈ సంగతి భాయ్ కనిపెట్టాడు కానీ ఎవరితో అనలేదు.

దసరా వచ్చింది. మా ల్యాబులో ఆయుధపూజ ఘనంగా చేస్తారు. ఎంత పెద్ద సైంటిస్టయినా ఆ రోజు మెషీన్‌కు పసుపు కుంకుమ పెట్టాల్సిందే, స్తంభానికి బంతిపూల దండ కట్టాల్సిందే. కట్టిన దండను దీపావళి దాకా ఎవరూ తీయకూడదు. పూలు తేవడం ఎప్పుడూ నా వంతే. ఆ ఏడు లాల్‌దర్వాజ దగ్గర పూలమ్మే అక్క దగ్గర అందరికీ మామూలు దండలు తీసుకుని, అయిదో నంబరుకు మాత్రం లారీలకు వేసే లావు దండ కొన్నాను. ఇంటి గుమ్మానికి కూడా అట్లాంటిదే ఇంకోటి. రెండూ మోసుకొచ్చిన మా ఆవిడ దారిపొడుగునా నన్ను తిడుతూనే ఉంది.

తీరా కట్టబోతే అయిదో నంబరు స్తంభం నిండా ఆ పిల్ల అతికించిన సన్నటి వైర్లు ఉన్నాయి. కొలతలు కంప్యూటరుకు పంపే వైర్లు. దండ రాసుకుని ఒక్క వైరు ఊడినా ఆమె ఏడు నెలల కష్టం పోతుంది. అందుకని జాగ్రత్తగా, ఎంతో తెలివిగా, ఆ దండను తీసుకెళ్లి బరువుల తట్ట కాడకు వేశాను. వేసి, రెండు చేతులూ జోడించి దండం కూడా పెట్టాను.

మీకు అర్థమైపోయింది కదా. నాకు దాదాపు ఇరవై రోజులు పట్టింది.

సెలవుల తర్వాత వచ్చి చూస్తే అయిదో నంబరు గీత పైకి లేచింది. కడ్డీ గబగబా సాగుతోంది. సెక్షన్‌లో ఒకటే లొల్లి. కొలిమి వేడి చూశాం, సరిగ్గా ఉంది. మీటరు మార్చి చూశాం, అదీ సరిగ్గానే ఉంది. “బరువులు తప్పు పెట్టిన్రా?” అని సెక్షన్ హెడ్ అడిగితే నాకు రోషం వచ్చింది. ముప్పై నాలుగేళ్లలో నేను బరువు తప్పింది లేదు. ఆయన ముందే మూడుసార్లు లెక్కపెట్టి చూపించాను. దండ అడ్డం వస్తుంటే పక్కకు జరిపి మరీ లెక్కపెట్టాను! ఆయనా చూశాడు, భాయ్ చూశాడు, ఆ పిల్లా చూసింది. దేవుడికి వేసిన దండకు కూడా బరువుంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

“ఇగ ఏమున్నది, పొడి మెటల్ దాని బుద్ధి చూపించింది. నేను ముందే చెప్పిన” అన్నాను అందరి ముందు. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ పిల్ల మాత్రం గ్రాఫు వదల్లేదు. “బాపూ, ఒకసారి పెరిగింది సరే. సాగే స్పీడు మళ్ల మెల్లమెల్లగ తగ్గుతున్నది చూడుండ్రి. లోహం గిట్ల చెయ్యదు” అనేది. దీపావళికి రెండు రోజుల ముందు రివ్యూ పెట్టారు. మా ల్యాబు పెద్దసారు, ఇంజిన్లు తయారుచేసేవాళ్లు కూర్చుని ఏ లోహమో ఆ రోజే తేల్చేస్తారు. సాగిన లెక్క చూస్తే తీర్పు ముందే తెలుస్తోంది. ముందు రోజు సాయంత్రం ఆమె తన టేబుల్ సొరుగులో సామాను సర్దుకుంటూ కనిపించింది. టీ కప్పు, స్వెటర్, ఒక చిన్న దువ్వెన. నన్ను చూసి సొరుగు మూసేసింది.

రివ్యూ రోజు పొద్దున మా ఆవిడ ఇల్లు దులుపుతూ గుమ్మానికున్న దసరా దండ తీసింది. ఎండి గలగలమంటోంది. చిటికెన వేలితో ఎత్తి పట్టుకుని నాకు చూపించింది.

“సూడు, ఇప్పుడు బరువే లేదు. తెచ్చిన్నాడు మోయలేక నా భుజం గుంజింది.”

చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఆగిపోయింది. తెచ్చిన రోజు బరువు. ఎండాక బరువు లేదు. గీత ఒక్కసారి లేచింది, సాగే వేగం మళ్లీ మెల్లమెల్లగా తగ్గింది. పూలు ఎండినకొద్దీ తగ్గింది! దండ కిలోన్నర అనుకున్నా, కడ్డీ మీద ముప్పై కిలోలు!

“అయ్యో, సంపుకున్న!” అని అరిచాను.

“ఎవర్ని?” అంది మా ఆవిడ బెదిరిపోయి.

“అయిదో నంబర్ను!”

ఆమెకు అంతా చెప్పాక కూర్చుని ఒక పది నిమిషాలు ఆలోచించాను. మీ దగ్గర దాచిపెట్టను, చెప్పేస్తాను. ఆ పది నిమిషాల్లో నా మనసు మంచిగా ఆలోచించలేదు. మూడు వారాల్లో పోయేవాణ్ని. ఎండుదండ రేపో మాపో చెత్తబుట్టలో పడుతుంది. ఎవరికీ తెలియదు. చెయ్యి తప్పని మనిషి అన్న పేరుతో హాయిగా ఇంటికి రావచ్చు. అప్పుడు ఆ దువ్వెన గుర్తొచ్చింది. ఎవరైనా ఉద్యోగం చేసేచోట దువ్వెన పెట్టుకున్నారంటే అక్కడే ఉండిపోదామనుకున్నారనే కదా. లేచి స్కూటర్ తీశాను.

లాల్‌దర్వాజ దగ్గర ఆగాను.

“అక్కా, దసరాకు ఇచ్చినవ్ చూడు, లారీ దండ. గసొంటిదే ఇంకోటి కావాలె.”

“దసరా అయిపాయె గదన్నా. ఇప్పుడెవరికి? రిటైర్ అయితున్నవా?”

“అయితనో, ఎల్లగొడుతరో ఇయ్యాల తెలుస్తది. జల్ది కట్టు.”

ల్యాబుకు చేరేసరికి రివ్యూ మొదలైంది. చేతిసంచిలో దండతో ఉరికొస్తున్న నన్ను చూసి భాయ్ అడ్డం పడ్డాడు. “కైకు పరేషాన్ హై మియా?” అన్నాడు. రెండు ముక్కల్లో చెప్పాను. విన్నవాడు నా సంచి తానే తీసుకుని, “చలో. మై భీ హూ సాథ్ మే” అన్నాడు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాం. ఆ పిల్ల ఒక మూల ఫైలు పట్టుకుని కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి. భాయ్ సంచిలోంచి దండ తీసి నా చేతికిచ్చాడు. పెద్దసారు దండను చూసి నవ్వి, కళ్లద్దాలు తీసి, మెడ కొంచెం ముందుకు వంచారు.

“సార్, మాఫ్ చెయ్యిండ్రి. ఇది మీకు గాదు” అన్నాను. “మూడో నంబర్ మెషీన్‌కు.”

సెక్షన్ హెడ్ మొహం ఎర్రబడింది. అయినా పెద్దసారు లేచారు, దాంతో అందరూ లేచారు. మూడో నంబరు ఖాళీగా ఉంది. దానికి కడ్డీ మీద పడే బరువు చూపించే మీటరు ఉంది. ముందు దండను త్రాసులో పెట్టి అందరికీ చూపించాను. కిలోన్నరకు కొంచెం పైనే ఉంది. తర్వాత దాన్ని తట్ట కాడకు వేశాను, దసరా నాడు వేసినట్టే. మీటరు ముల్లు ముప్పై కిలోలు దాటి ఆగింది.

“సార్, దసరా నాడు అయిదో నంబర్‌కు గిట్లనే ఏసిన. నేనే. మేడమ్ వైర్లు ఖరాబ్ అయితయని స్తంభానికి కట్టలే. తప్పు మెటల్‌ది గాదు, మేడమ్‌ది గాదు. నాది.”

అందరం అయిదో నంబరు దగ్గరికి వెళ్లాం. ఎండుదండ ఇంకా అక్కడే వేలాడుతోంది. పెద్దసారు దాన్ని తీసి త్రాసులో వేస్తే పావుకిలో చూపించింది. ఆ పిల్ల అప్పటికే నేల మీద కూర్చుని గ్రాఫు పరిచి పెన్సిలుతో లెక్కలు వేస్తోంది. దసరా నాడు లేచిన గీత, రోజురోజుకూ తగ్గిన వేగం. కాసేపటికి తలెత్తి నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండునని కూడా అనిపించింది.

“బాపూ, అందరికీ చిన్న దండలు కదా? దీనికే పెద్దది ఎందుకేసిన్రు?”

జవాబు నాకంటే ముందు భాయ్ చెప్పాడు. “రోజ్ సుబే పహ్లే ఇస్‌కాచ్ మీటర్ దేఖ్తా. పిండి పిండి బోల్కే బాహర్ సే మజాక్, అందర్ సే దువా!” రోజూ పొద్దున్నే ముందు దీని మీటరే చూస్తాడని, పైకి ఎగతాళి చేసినా లోపల దీని కోసమే దేవుణ్ని వేడుకుంటాడని బయటపెట్టేశాడు.

ఆమె ముందు నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, మళ్లీ నవ్వింది. ఇంజిన్లవాళ్లు నవ్వారు. చివరికి సెక్షన్ హెడ్ కూడా నవ్వాడు, నవ్వినందుకు వెంటనే మొహం సర్దుకున్నాడు.

“నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదయ్యా” అన్నారు పెద్దసారు.

“నాకు తెలుస్తుండె సార్. రిటైర్ అయినంక ఇంట్ల పని గూడ ఉండదు. పొద్దంత ఇదే యాదికొస్తుండె.”

అయిదో నంబరు పాత పరీక్ష రద్దయింది, నాలుగో నంబరుది అట్లాగే నడవనిచ్చారు. అయిదో నంబరులో కొత్త కడ్డీ పెట్టి మొదటినుంచి మొదలుపెట్టమన్నారు. అది తేలేదాకా ప్రాజెక్టు ఉంటుంది. ఆమె తన దువ్వెన మళ్లీ సొరుగులో పెట్టుకుంది. నాకు వారం తిరక్కుండా మెమో వచ్చింది. దాన్ని ఇచ్చేటప్పుడు సెక్షన్ హెడ్ చెయ్యి కలిపాడు, అట్లా చెయ్యి కలిపి మెమో ఇవ్వడం ఆయన సర్వీసులో కూడా మొదటిసారేనట. దీపావళి కాగానే కొత్త కడ్డీ ఎక్కించి, బరువులు నేనే పెట్టాను. నా చేతిమీదుగా ఎక్కిన ఆఖరి కడ్డీ అదే. ఇక ముందు మెషీన్ తట్టలకు ఎట్లాంటి దండా వేయకూడదని గోడ మీద బోర్డు కూడా పెట్టారు.

వీడ్కోలు సభలో నాకు ఒక్కరు కూడా దండ వేయలేదు. ఒకే ఒక్క గులాబీ ఇచ్చారు, అదీ అందరి ముందూ త్రాసులో తూచి.

తర్వాత కష్టకాలం వచ్చింది. ఇంట్లో కూర్చుంటే కాలు నిలవదు. పొద్దున ఏడు కాగానే ఆ పిల్లకు ఫోన్ చేసేవాణ్ని. సంక్రాంతి దాటాక నాలుగో నంబరులో సుత్తిదెబ్బల కడ్డీ పదకొండో నెలలో తెగింది. ముప్పై నాలుగేళ్లు నేను నమ్ముకున్న లోహం అది. తెగిందని వింటే చివుక్కుమంది. ఇక ఇప్పుడు పిండిముద్ద కూడా పదకొండు నెలలు దాటాలి. పడుకోబెట్టి ప్రింట్ చేసిన వేరే కడ్డీలు ఇంకో మెషీన్‌లో ముందే తెగిపోయాయి. ఏ దిక్కున పొరలు వేస్తే ఎంత బలమో దాంతో తెలిసింది, అది కూడా పనికొచ్చే సంగతే అందామె. అయిదో నంబరుది నిలబెట్టి ప్రింట్ చేసిన కడ్డీ. ఆశ అంతా దాని మీదే. నా ఫోన్లు చూసి మా ఆవిడ పాత పాట మళ్లీ అందుకుంది. రోజూ నేను ఫోన్ పెట్టగానే వంటింట్లోంచి “తెగిందా?” అని కేక. “ఇంక లే” అని నేను.

మళ్లీ దసరా వచ్చింది. ఆ పొద్దున ఆమె ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదయింది, తొమ్మిదయింది. చాయ్ చల్లారిపోయింది. పదింటికి మా గల్లీలోకి ఆటో వచ్చి ఆగింది. ముందు భాయ్ దిగాడు, వెనక ఆమె దిగింది, చేతుల నిండా లారీ దండ.

“అయిదో నంబర్‌కు వెయ్యాల్సిన దండ బాపూ” అంది గుమ్మంలోనే. “బోర్డు పెట్టిన్రు గదా, దానికి వెయ్యొద్దాయె. దాని బదులు మీకు తెచ్చిన.” వేసింది కూడా. నా మెడ వంగింది.

“తూకం వేసినవా బిడ్డా?”

“వేసిన. కిలోన్నర. రిజిస్టర్ల గూడ రాసిన.”

ఇంకేదో అడగాలి. ఆమె మొహం చూస్తే భయం, భాయ్ మొహం చూస్తే ఆశ. మా ఆవిడ పిండి చేతులతో వంటింట్లోంచి ఉరికొచ్చింది.

“తెగిందా?” అంది.

ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తి, గల్లీ అంతా వినబడేటట్టు అరిచింది.

“నాలుగో నంబర్‌ను రాత్రే దాటిందమ్మా! ఇంక తెగలే!”